పాచికలతో పాస్‌వర్డ్

హనుమకొండ నుంచి కాజీపేట వెళ్ళే దారిలో ఎన్.ఐ.టి. గేటు మీరు చూసే ఉంటారు. 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాడు దాని పేరు రీజనల్ ఇంజనీరింగ్ కాలేజి. దేశంలో ఆ వరుస కాలేజీలలో అదే మొదటిది. 2002లో పేరు మారింది. అందులో బి.టెక్. సీటు కావాలంటే జె.ఇ.ఇ. మెయిన్ పరీక్ష రాయాలి. అయితే ఆ పరీక్షకు ముందే ఇంకో చిన్న పరీక్ష ఉంది. దానికి సిలబస్ లేదు, మార్కులూ లేవు, బళ్ళో ఎవరూ పాఠం చెప్పరు. దరఖాస్తు నింపేటప్పుడు కంప్యూటరు "మీ పాస్‌వర్డ్ ఎంచుకోండి" అని అడుగుతుంది. అదీ ఆ పరీక్ష!

2021 సమాచార పుస్తకంలో ఆ పాస్‌వర్డ్‌కు కొన్ని షరతులు పెట్టారు. పొడవు 8కి తగ్గకూడదు, 13కి మించకూడదు. అందులో ఇంగ్లీషు పెద్ద అక్షరం ఒకటైనా, చిన్న అక్షరం ఒకటైనా, అంకె ఒకటైనా ఉండాలి. ఇవి చాలక !, @, #, $, %, ^, &, *, - వంటి గుర్తు ఒకటైనా ఉండాలి.

మన ఊళ్ళో పిల్లవాడు ఈ షరతులు చదివి ఏం చేస్తాడు? కాసేపు బుర్ర గోక్కుంటాడు. తర్వాత 'వరంగల్' అని ఇంగ్లీషులో కొడతాడు, మొదటి అక్షరం పెద్దది చేసి. దాని వెనక @123 తగిలిస్తాడు. లెక్కపెట్టండి: ఊరి పేరుకు 8 అక్షరాలు, తోకకు 4. మొత్తం 12. పెద్ద అక్షరం ఉంది, చిన్నవి ఉన్నాయి, అంకెలున్నాయి, గుర్తూ ఉంది. కంప్యూటరు "సరే" అంటుంది. పిల్లవాడు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు.

కాని ఇదే ఆలోచన పక్క బెంచీ పిల్లవాడికీ వచ్చింది. ఖమ్మంలో పిల్లవాడు ఖమ్మం వెనక అదే తోక తగిలించాడు. గుంటూరులో, విజయనగరంలో కూడా అంతే. ఇప్పుడు దొంగ పక్షాన నిలబడి ఆలోచించండి. వెయ్యి ఊళ్ళ పేర్లు, ఇరవై రకాల తోకలు రాసుకుంటే వెయ్యి ఇంటూ ఇరవై, అంటే 20,000 ఊహలు. ఆ జాబితాలో మనవాడి పాస్‌వర్డ్ ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది. నష్టం చిన్నది కాదు. దరఖాస్తులోని వివరాలు ఆ పాస్‌వర్డ్ వెనకే ఉంటాయి. కౌన్సెలింగు నాడు కాలేజీల వరుస ఎంచుకొనేదీ ఇలాంటి తలుపు తెరిచే. రెండేళ్ళు కష్టపడి చదివిన ఫలితం ఇంకొకరి వేలికొసన ఉండడం ఎవరికి ఇష్టం?

అయినా కంప్యూటరు నాలుగైదు తప్పుల తర్వాత తలుపు మూసేయదా, 20,000 సార్లు ప్రయత్నించనిస్తుందా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. దానికి జవాబు తిరగలిలో ఉంది.

బుద్ధిగా కట్టిన వెబ్‌సైటు మీ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచుకోదు. దాన్ని గణితపు తిరగలిలో వేసి విసురుతుంది. వచ్చిన పిండిని మాత్రం దాస్తుంది. ఈ పిండిని హ్యాష్ అంటారు. పిండిని చూసి గింజను తయారుచేయడం ఎవరి తరమూ కాదు. మీరు మళ్ళీ వచ్చి పాస్‌వర్డ్ కొట్టినప్పుడు దాన్నీ విసిరి, రెండు పిండ్లూ ఒకటేనా అని చూస్తుంది. ఎప్పుడైనా ఈ పిండి డబ్బాలున్న ఫైలు దొంగ చేతికి చిక్కిందనుకోండి. అప్పుడతను వెబ్‌సైటు తలుపు దగ్గరికి రానక్కరలేదు. తన ఇంట్లోనే తిరగలి పెట్టుకొని, తోచిన గింజనల్లా విసిరి పిండి పోల్చుకుంటాడు. అక్కడ తప్పులు లెక్కపెట్టేవారు ఎవరూ లేరు.

అతని యంత్రం సెకనుకు 100 కోట్ల గింజలు విసరగలదనుకుందాం. 20,000 ఊహలు దానికి రెప్పపాటు కూడా కాదు.

ఇది కొత్త రోగమేమీ కాదు. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కొర్బాటో బృందం ఒకే కంప్యూటరును చాలామంది పంచుకొనే ఏర్పాటు చేసింది. ఎవరి ఫైళ్ళు వారికే దక్కాలని పాస్‌వర్డ్‌లు పెట్టారు. 1966లో ఒక రోజు రెండు ఫైళ్ళు తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివారికీ స్వాగత వాక్యానికి బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా అచ్చయింది! 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు 3,289 పాస్‌వర్డ్‌లను పోగుచేసి పరీక్షించారు. 15 పాస్‌వర్డ్‌లు ఒకే ఒక్క అక్షరం. 72 రెండక్షరాలవి. 464 మూడక్షరాలవి. ఇలా తేలికగా దొరికిపోయేవన్నీ కలిపితే 2,831 అయ్యాయి, అంటే నూటికి 86. వాళ్ళెవరూ చదువురానివారు కారు, కంప్యూటరు వాడుతున్నవారే.

అందుకే షరతులు పుట్టుకొచ్చాయి. పెద్ద అక్షరం పెట్టు, అంకె పెట్టు, గుర్తు పెట్టు అని. షరతులు పెరిగితే భద్రత పెరుగుతుందా? లెక్క వేసి చూద్దాం.

చిన్న అక్షరాలు 26, పెద్దవి 26, అంకెలు 10, పైన చెప్పిన గుర్తులు 9. మొత్తం 71. ఎనిమిది గళ్ళున్నాయి, ఒక్కొక్క గడిలో 71లో ఏదైనా పెట్టవచ్చు. కాబట్టి మొత్తం పాస్‌వర్డ్‌లు 71ని 71తో ఎనిమిదిసార్లు వేసి గుణించినన్ని. ఆ సంఖ్య సుమారు 645 లక్షల కోట్లు. ఇందులో నాలుగు రకాలూ ఉన్నవి ఎన్ని? పెద్ద అక్షరం లేనివి తీసేయాలి, చిన్న అక్షరం లేనివి తీసేయాలి, అంకె లేనివి, గుర్తు లేనివి కూడా తీసేయాలి. రెండుసార్లు తీసేసినవాటిని తిరిగి కలపాలి. మూడు రకాలు లేనివి మళ్ళీ తీయాలి. ఓపికున్నవారు కాగితం మీద చేయండి. నాకు వచ్చింది సుమారు 265 లక్షల కోట్లు.

చూశారా! షరతులు పెట్టాక 645 పెరగలేదు, 265కు తగ్గింది. నూటికి 41 మిగిలాయి, 59 పోయాయి.

ఇందులో వింతేమీ లేదు. తెలుగు వాచకంలో ఛందస్సు చదివేటప్పుడు మీరు ఈ సంగతి చూసే ఉంటారు. గురువు, లఘువు అని రెండే గుర్తులు. మూడక్షరాల గణాలు రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు, అంటే ఎనిమిది. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. నియమమే లేకపోతే 20 అక్షరాలకు గురులఘువుల వరుసలు 10,48,576 ఉంటాయి. భ, ర, న, భ, భ, ర, వ అని నియమం పెట్టగానే ఒక్కటే మిగులుతుంది. బమ్మెర పోతనకు ఆ నియమం మేలు చేసింది, చెవికి ఇంపైన నడకనిచ్చింది. పాస్‌వర్డ్‌కు మాత్రం ప్రతి నియమమూ దొంగకు ముందే అందించిన సమాచారం.

అలాగని షరతు పెట్టినవారు తెలివితక్కువవారు కారు. వారి భయం వేరు. షరతు లేకపోతే జనం తమ్ముడి పేరో, 123456 అనో పెడతారని వారి ఉద్దేశం. జనం తెలివి ఇంకో రకం. షరతు పెట్టినా మొదటి అక్షరమే పెద్దది చేస్తారు, చివరనే అంకె పెడతారు, గుర్తు కావాలంటే @ వైపే చెయ్యి పోతుంది. 265 లక్షల కోట్లున్న మైదానంలో అందరూ ఒకే చెట్టు కింద నిలబడ్డట్టు! అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో ఈ షరతులకు మూలమైన సలహాలు రాసిన బిల్ బర్, వాటిలో చాలావాటికి విచారిస్తున్నానని 2017లో ఒక పత్రికతో అన్నాడు. ఆ ఏడాదే నిస్ట్ తన సలహా మార్చుకొని, రకరకాల గుర్తులు కావాలని పట్టుబట్టవద్దని చెప్పింది. 2025లో వచ్చిన కొత్త కూర్పులో, తలుపుకు పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా అయితే దాని పొడవు కనీసం 15 ఉండాలని రాసింది.

ఇక్కడే మనకు చిక్కు వచ్చింది. ఒక తలుపు 13కి మించవద్దంటుంది. ఇంకోటి 15కు తగ్గవద్దంటుంది. మూడో తలుపు గుర్తులే వద్దు, అక్షరాలూ అంకెలూ చాలంటుందనుకోండి. మొదటి తలుపు తెరిచే పాస్‌వర్డ్‌లన్నీ ఒక సమితి. రెండో తలుపువి ఒక సమితి, మూడోదానివి ఇంకొకటి. మొదటి రెండింటి ఛేదనం ఎంత? 13కి మించకుండా 15కు తగ్గకుండా ఉండే సంఖ్య లేదు కాబట్టి శూన్య సమితి. మొదటిదీ మూడోదీ? ఒకటి గుర్తు ఉండి తీరాలంటుంది, మరొకటి ఉండనే కూడదంటుంది. అదీ శూన్యమే. ఎంత తెలివైనవాడైనా ఈ మూడింటికీ సరిపడే ఒక్క పాస్‌వర్డ్ తయారుచేయలేడు. తల బద్దలు కొట్టుకోనక్కరలేదు, లేదని గణితమే చెబుతోంది.

నన్నడిగితే ఇది మంచిదే అంటాను. ఒకే తాళంచెవి అన్ని తలుపులకూ పనికొస్తే, ఏ చిన్న దుకాణపు వెబ్‌సైటు నుంచో ఆ చెవి పోయిన రోజున దొంగ దాన్ని పట్టుకొని మిగతా తలుపులన్నీ తిరిగి చూస్తాడు. నిజంగా జరుగుతున్నదీ ఇదే. తలుపుకో చెవి ఉండాలి.

తలుపుకో చెవి అనగానే చాలామంది ఒక సూత్రం కనిపెడతారు: పేరులో నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం, వెబ్‌సైటు మొదటి అక్షరం, ఇలా. సూత్రం జ్ఞాపకానికి సులువే కాని రహస్యం కాదు. ఇ-ఆధార్ ఫైలు సంగతి చూడండి. దాన్ని తెరిచే పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు పెద్దవిగా, వెంటనే పుట్టిన సంవత్సరం. ఇది అందరికీ తెలిసిన సూత్రం. పేరు తెలియని దొంగకైనా నాలుగక్షరాలు 4,56,976 రకాలు, సంవత్సరాలు వంద తీసుకుంటే మొత్తం 4,56,97,600. మన లెక్కలోని యంత్రానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. మీ పేరు తెలిసిన తోటి విద్యార్థికి యంత్రమూ అక్కరలేదు, మీ తరగతి పిల్లలు పుట్టిన రెండు మూడు సంవత్సరాలు వేసి చూస్తే చాలు. అందుకే ఆ ఫైలును నెట్ సెంటరు కంప్యూటరులో వదిలి రాకండి.

మరి ఏం చేయాలి? మనసును నమ్మకుండా పాచికను నమ్మాలి. మనసుకు అలవాట్లుంటాయి, పాచికకు లేవు. వైకుంఠపాళి పెట్టెలో ఉండే ఆరు ముఖాల పాచిక ఒకటి, ఒక రూపాయి బిళ్ళ, కాగితం తీసుకోండి.

26 అక్షరాలు, 10 అంకెలు కలిపితే 36. ఆరు ఆర్లు 36! ఎంత చక్కగా కుదిరిందో చూడండి. కాగితం మీద ఆరు అడ్డవరుసలు, ఆరు నిలువువరుసలు గీసి, అక్షరాలు వరుసగా రాసి, తర్వాత 0 నుంచి 9 వరకు రాయండి. పాచిక రెండుసార్లు వేయండి. మొదటిసారి వచ్చింది అడ్డవరుస, రెండోసారిది నిలువువరుస. అక్కడున్నది మీ మొదటి గుర్తు. అది అక్షరమైతే బిళ్ళ ఎగరేయండి. బొమ్మ పడితే పెద్ద అక్షరం, బొరుసు పడితే చిన్నది. ఇలా 12 గళ్ళు నింపండి. ఇక మొదటి తలుపు అడిగే ప్రత్యేక గుర్తు. !, @, #, $, %, * అనే ఆరింటికి ఒకటి నుంచి ఆరు వరకు నంబర్లిచ్చి పాచిక వేయండి. దాన్ని ఎక్కడ దూర్చాలి? చివరన కాదు! బిళ్ళ ఎగరేయండి. బొమ్మ అయితే మొదటి ఆరు గళ్ళలో, బొరుసైతే తర్వాతి ఆరు గళ్ళలో. ఎన్నో గడి తర్వాత అన్నది పాచిక చెబుతుంది. పొడవు 13 అయింది, మించలేదు.

అంకె ఒక్కటీ పడకపోతే? నూరుసార్లు చేస్తే రెండుసార్లు అలా జరగవచ్చు. అప్పుడు మొత్తం కొట్టేసి మొదటి నుంచి వేయండి. "ఎందుకంత శ్రమ, చివరి అక్షరం తీసి 1 పెడితే పోలేదా?" అనిపిస్తుంది. పోదు. ఎందుకో చిన్న ఉదాహరణతో చూడండి.

మన దగ్గర క, చ, 1 అనే మూడే గుర్తులున్నాయి. గళ్ళు రెండు. షరతు: 1 ఒకటైనా ఉండాలి. మొత్తం 9 వరుసలు రావచ్చు. షరతుకు సరిపోయేవి క1, చ1, 1క, 1చ, 11 అనే ఐదు. సరిపోనప్పుడల్లా కొట్టేసి మళ్ళీ వేస్తే ఈ ఐదింటికీ సమానావకాశం. రెండు ఊహల్లో దొంగ గెలిచే అవకాశం ఐదింట రెండు. ఇప్పుడు కొట్టేయకుండా చివరి గడిని 1గా మార్చి సరిపెట్టామనుకోండి. కక, కచ రెండూ క1 అయిపోతాయి. చక, చచ రెండూ చ1 అవుతాయి. తొమ్మిదింట మూడుసార్లు క1, మూడుసార్లు చ1 వస్తాయి. దొంగ ఈ రెండూ చెప్పి చూస్తే తొమ్మిదింట ఆరుసార్లు గెలుస్తాడు! ఒక్క చిన్న సర్దుబాటు ఎంత పని చేసిందో గమనించండి. దీన్ని మీ తరగతిలో గింజలతో చేసి చూడవచ్చు.

మన పాచిక పాస్‌వర్డ్ బలం ఎంత? బిళ్ళనూ గుర్తునూ లెక్కలోంచి తీసేసినా, 36ను పన్నెండుసార్లు వేసి గుణించాలి. అది 645 లక్షల కోట్లకు 7,000 రెట్లకు పైన. సెకనుకు 100 కోట్లు విసిరే యంత్రానికి 265 లక్షల కోట్లు అన్నీ చూడడానికి మూడు రోజులు చాలు. దీనికి 150 ఏళ్ళు పడుతుంది. దొంగ ఈ వ్యాసం చదివి, మీరు వాడిన పద్ధతి అక్షరం పొల్లుపోకుండా తెలుసుకున్నా ఈ 150 ఏళ్ళు తగ్గవు. పద్ధతి బయటపడినా రహస్యం నిలవాలని 1883లోనే ఆగస్ట్ కెర్క్‌హోఫ్స్ అనే పండితుడు సైనిక సంకేతాల గురించి రాస్తూ చెప్పాడు.

15 దాటాలనే తలుపుకు ఇంకో దారి ఉంది. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన 7,776 పొట్టి మాటల జాబితా చేసి, ఐదుసార్లు పాచిక వేసి ఒక్కో మాట ఎంచుకొమ్మన్నాడు. మన పిల్లలకు అంత జాబితా అక్కరలేదు. తరగతి అంతా కలిసి 216 మాటలు పోగుచేయండి, ఎందుకంటే ఆరు ఇంటూ ఆరు ఇంటూ ఆరు 216. చింతకాయ, సైకిల్, తోరణం, మిర్చి, భద్రకాళి, ఏవైనా సరే. పాచిక మూడుసార్లు వేస్తే ఒక మాట. ఎనిమిది మాటలు వరుసగా కొట్టండి. మూడెనిమిదులు 24 సార్లు పాచిక వేశారు. ఇందాక పన్నెండు గళ్ళకు రెండేసి చొప్పున కూడా 24 సార్లే వేశారు. అందుకే రెండింటి బలమూ సమానం! మాటల పాస్‌వర్డ్ చూడడానికి పసిపిల్లల ఆటలా ఉన్నా, దాని బలం చూపులో లేదు, పాచిక ఎన్నిసార్లు పడిందన్న దాంట్లో ఉంది. ఎనిమిది మాటలను ఒక కథగా అల్లుకుంటే జ్ఞాపకమూ ఉంటుంది. అయితే మీకు నచ్చని మాట పడిందని మార్చకూడదు సుమా.

జాబితాలో ఒక జాగ్రత్త ఉంది. మన మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని పేరు పెట్టారు కదా, ఆ ఊరి పేరు బోర్డుల మీద ఎన్ని రకాలుగా ఉందో లెక్కపెట్టండి. తమ్ముడు అన్న మాటలో 'త'కు ఒక అక్షరమా, రెండా? ఏదో ఒకటి జాబితాలోనే రాసి పెట్టుకొని దానికే కట్టుబడండి. లేకపోతే దొంగతోపాటు మీరూ బయటే నిలబడతారు.

ఇన్ని పాస్‌వర్డ్‌లు గుర్తుండవు. ఉండాలనీ లేదు. ఫోనులో పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె ఉంటుంది, ఇంటిలో పెద్దవారి చేత పెట్టించుకోండి. అది లేకపోతే ఒక చిన్న నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. రాయడం తప్పని కొందరంటారు, నేను ఒప్పుకోను. ఎక్కడో దూరదేశంలో కూర్చున్న దొంగ మీ బీరువా తెరవలేడు. నెట్ సెంటరు గోడ మీద అంటించిన కాగితమైతే అందరూ చదువుతారు, అది వేరు సంగతి.

ఇప్పుడు మీకొక లెక్క. ఒక తలుపు నాలుగంకెల రహస్య సంఖ్య అడిగింది. షరతు ఒక్కటే: ఏ అంకె పక్కనా అదే అంకె రాకూడదు. 1213 సరే, 1123 కుదరదు. షరతు లేకపోతే 10,000 సంఖ్యలు. షరతుతో ఎన్ని? పాచికకు ఆరు ముఖాలే కాబట్టి పది అంకెలకు అది సరిపోదు. పది చీటీలు చేసి, తీసిన చీటీ మళ్ళీ డబ్బాలో వేసి కలుపుతూ, నాలుగేసి చొప్పున నూరుసార్లు తీయండి. షరతుకు సరిపోనివి ఎన్ని వచ్చాయో రాసుకోండి. లెక్క ప్రకారం మిగిలేవి 7,290. నూటికి 27 పోవాలి. మీ నూటిలో ఎన్ని పోయాయి?